ఖాళీ డ్రమ్ములోనే అసలు ప్రమాదం

కెమికల్, ఫార్మా కంపెనీల్లో చేరబోతున్నారా? ట్రైఇథైల్ అమైన్ గురించి గేటు దాటకముందే తెలుసుకోవాల్సినవి ఇవి

మడకశిర, గుడిబండ, రొళ్ల, అగళి, అమరాపురం... ఈ మండలాల్లో బీఎస్సీ కెమిస్ట్రీ, డిప్లొమా, ఐటీఐ పూర్తిచేసిన వాళ్లు చాలామంది బస్సెక్కేది హిందూపురానికో, బెంగళూరుకో, తుమకూరుకో. ఇంకొందరు హైదరాబాద్ చుట్టుపక్కల ఫార్మా కంపెనీలకు, విశాఖ దగ్గరి పరవాడ, అచ్యుతాపురాలకు వెళ్తారు. వానల్ని నమ్ముకుని వేరుసెనగ వేసిన ఇంట్లో నెలనెలా జీతం తెచ్చే పిల్ల, పిల్లాడు ఉంటే ఎంత ధైర్యమో చెప్పక్కర్లేదు. అందుకే చేరేటప్పుడు మనం అడిగే ప్రశ్నలు రెండే. జీతమెంత? రూము ఇస్తారా?

మూడో ప్రశ్న ఒకటుంది. 'నేను ముట్టుకోబోయే డ్రమ్ములో ఏముంది?' ఈ వ్యాసం ఆ ప్రశ్న గురించే. ఉదాహరణకి ఒక్క రసాయనాన్ని తీసుకుందాం. ఫార్మా ప్లాంట్లలో చాలా చోట్ల కనిపించేది, తేలిగ్గా మండేది, ఒంటిమీద పడితే కాల్చేది. దాని పేరు ట్రైఇథైల్ అమైన్. షాప్ ఫ్లోర్‌లో ముద్దుగా 'టీఈఏ' అంటారు. దీన్ని అర్థం చేసుకుంటే డైఇథైల్ అమైన్, ఐసోప్రొపైల్ అమైన్ లాంటి దాని చుట్టాలు కూడా చాలావరకు అర్థమైపోతాయి.

చేపల పులుసులో ఉన్న కెమిస్ట్రీ

అమైన్ అంటే అమ్మోనియాకి దగ్గరి బంధువు. అమ్మోనియాలో నైట్రోజన్‌కి మూడు హైడ్రోజన్లు ఉంటాయి కదా, వాటి స్థానంలో కార్బన్ గుంపులు చేరితే అమైన్. చేపలకు నీచు వాసన రావడానికి ముఖ్య కారణం కూడా ట్రైమిథైల్ అమైన్ అనే ఒక అమైనే. చేప ముక్కలకు నిమ్మరసం పట్టించినా, చింతపండు పులుసులో వేసినా ఆ నీచు తగ్గుతుంది. ఎందుకంటే అమైన్ క్షారం, పులుపు ఆమ్లం. రెండూ కలిస్తే గాల్లోకి లేవని లవణం తయారవుతుంది. అమ్మ వంటింట్లో చేసేదీ, ఫ్యాక్టరీలో యాసిడ్ స్క్రబ్బర్ చేసేదీ ఒకటే పని. గాల్లో ఉన్న అమైన్ ఆవిరిని పలచని ఆమ్లంతో కడిగి పట్టేయడం.

ఫార్మా కంపెనీలకు టీఈఏ ఎందుకంత అవసరం? మందు తయారయ్యే క్రమంలో చాలా రియాక్షన్లలో హైడ్రోక్లోరిక్ ఆమ్లం పుడుతుంది. అది అక్కడే ఉంటే బ్యాచ్ పాడవుతుంది. టీఈఏ దాన్ని పట్టుకుని లవణంగా మార్చేస్తుంది. యాంటీబయాటిక్స్ తయారీలో దీని వాడకం ఎక్కువ. ఇంకో అమైన్ సంగతి చూడండి. మన ఇళ్లల్లో పెద్దవాళ్లు వేసుకునే షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్ తయారీ డైమిథైల్ అమైన్ లవణంతోనే మొదలవుతుంది. కాబట్టి అమైన్లు మన శత్రువులేం కాదు. వాటి పద్ధతి తెలియకపోతేనే చిక్కు.

మొదటి చిక్కు పేరులోనే

'టీఈఏ' అనే పొట్టి పేరుతో రెండు రసాయనాలున్నాయి. ఒకటి మనం చెప్పుకుంటున్న ట్రైఇథైల్ అమైన్. రెండోది ట్రైఇథనాల్ అమైన్, క్రీములు, షాంపూల్లో వాడేది. రెండోది చిక్కగా, తేనెలా ఉంటుంది. దాని ఆవిరి నిప్పంటుకోవాలంటే సుమారు 180 డిగ్రీల దాకా వేడి చేయాలి. మొదటిది నీళ్లలా పలచగా ఉండి మామూలు గది వేడికే అంటుకుంటుంది. డ్రమ్ము మీద మార్కర్‌తో 'టీఈఏ' అని రాసి వదిలేస్తే, ఏది ఏదో ఎవరికి తెలుస్తుంది?

అందుకే పేరుని కాదు, నంబరుని నమ్మండి. ప్రతి రసాయనానికీ క్యాస్ నంబరు ఉంటుంది, మన ఆధార్ నంబరులాగా. ట్రైఇథైల్ అమైన్‌ది 121-44-8. ట్రైఇథనాల్ అమైన్‌ది 102-71-6. రవాణాలో అయితే ఐక్యరాజ్యసమితి నంబరు చూస్తారు. ట్రైఇథైల్ అమైన్‌కి అది 1296. తేలిగ్గా మండే ద్రవాల కిందికి, అంటే క్లాస్ 3 కిందికి వస్తుంది. దానికి తోడు కాల్చే గుణానికి క్లాస్ 8 గుర్తు కూడా ఉంటుంది. మంట గుర్తు, చేతిని తినేస్తున్నట్టుండే గుర్తు, రెండూ ఒకే డ్రమ్ము మీద కనిపిస్తే రెండు రకాల జాగ్రత్తలూ కావాలని అర్థం.

నాలుగు అంకెలు గుర్తుంచుకోండి

ఫ్లాష్ పాయింట్: ఒక ద్రవం నుంచి నిప్పంటుకునేంత ఆవిరి లేచే కనీస ఉష్ణోగ్రత. టీఈఏకి అది పరీక్షించే పద్ధతిని బట్టి మైనస్ 7 నుంచి మైనస్ 15 డిగ్రీల మధ్య ఉంటుంది. మడకశిర పీఠభూమి మీద డిసెంబరు తెల్లవారుజామున ఎంత చలిపెట్టినా అంత కిందికి పోదు. అంటే మన దగ్గర ఏడాదిలో ఏ రోజైనా, ఏ గంటలోనైనా ఈ ద్రవం అంటుకోవడానికి సిద్ధంగానే ఉంటుంది.

మండే పరిధి: గాలిలో దీని ఆవిరి 1.2 శాతం నుంచి 8 శాతం మధ్య ఉంటే నిప్పురవ్వ తగలగానే భగ్గుమంటుంది. 1.2 శాతం అంటే ఎంతో తెలియాలంటే చిన్న లెక్క వేద్దాం. ఒక లీటరు టీఈఏ పూర్తిగా ఆవిరైతే దాదాపు 176 లీటర్ల ఆవిరి అవుతుంది. అది సుమారు 14 నుంచి 15 ఘనమీటర్ల గాలిని మండే మిశ్రమంగా మార్చగలదు. ఎనిమిదడుగుల పొడవు, ఎనిమిదడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల ఎత్తు ఉన్న గది అన్నమాట. ఒక్క వాటర్ బాటిల్ ఒలికితే చాలు, ఒక చిన్న గదికి గది.

ఆవిరి బరువు: దీని ఆవిరి గాలికంటే మూడున్నర రెట్లు బరువు. పొగలా పైకి పోదు. నీళ్లలా నేలమీద పాకుతుంది. డ్రైనేజీ కాలువల్లో, పంపు గుంతల్లో, మెట్ల కింద చేరి కూర్చుంటుంది. ఒలికిన చోటికి దూరంగా ఎక్కడో స్విచ్ వేస్తే అక్కడ అంటుకుని మంట వెనక్కి పరుగెత్తుకొస్తుంది. పైన కిటికీలున్నాయి కదా, గాలి ఆడుతోంది కదా అనుకోవద్దు. గాలి నేల దగ్గర ఆడుతోందా అన్నది చూడాలి.

తనంతట తాను అంటుకునే వేడి: 250 డిగ్రీల లోపే. అంటే నిప్పురవ్వే అక్కర్లేదు, బాగా వేడెక్కిన లోహం చాలు.

అచ్యుతాపురం నేర్పిన పాఠం

ఇవన్నీ పుస్తకాల లెక్కలనిపిస్తే 2024 ఆగస్టు 21ని గుర్తు తెచ్చుకోండి. అనకాపల్లి జిల్లా అచ్యుతాపురం సెజ్‌లోని ఎసైన్షియా అడ్వాన్స్‌డ్ సైన్సెస్ ఫార్మా ప్లాంటులో మధ్యాహ్నం భోజనాల వేళ పేలుడు జరిగి 17 మంది చనిపోయారు. అక్కడ లీకైంది అమైన్ కాదు, ఎంటీబీఈ అనే ద్రావణి. కానీ తీరు మాత్రం మనం పైన చెప్పుకున్నదే. ఫ్లాష్ పాయింట్ సున్నాకి బాగా దిగువన, గాలికంటే మూడు రెట్లు బరువైన ఆవిరి. పై అంతస్తు నుంచి కిందికి పంపే క్రమంలో లీకైంది, ఆవిరి మేఘంలా కమ్ముకుంది, నిప్పంటుకుంది. చనిపోయిన వాళ్లలో మనలాగే చదువు పూర్తిచేసి ఉద్యోగంలో చేరిన ఇంజినీర్లు, కెమిస్టులు ఉన్నారు.

ఇంకో పాఠం 2020 మే 7న విశాఖ ఎల్‌జీ పాలిమర్స్ స్టైరీన్ లీకు. 12 మంది ప్రాణాలు పోయాయి. రాష్ట్ర ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీ తప్పుపట్టిన విషయాల్లో ఒకటి, హెచ్చరించాల్సిన సైరన్ మోగకపోవడం. సైరన్ బిగించడం వేరు, అవసరమైనప్పుడు మోగించడం వేరు. మీరు చేరే కంపెనీలో సైరన్ ఉందా అని కాదు, చివరిసారి ఎప్పుడు మోగించి చూశారని అడగాలి.

ఎండ, పొడిగాలి... మన సీమ కష్టాలు రెండు

హైదరాబాద్‌లోనో, విశాఖలోనో రాసిన జాగ్రత్తల పుస్తకం మన ప్రాంతానికి యథాతథంగా సరిపోదు. రాయలసీమ ఎండాకాలం ఈ రసాయనంతో రెండు రకాలుగా ఆడుకుంటుంది.

ఒకటి ఎండ. 20 డిగ్రీల దగ్గర మూత వేసిన టీఈఏ డ్రమ్ములో ద్రవం పైనున్న ఖాళీలో ఆవిరి సుమారు 7 శాతం ఉంటుంది. అంటే డ్రమ్ము లోపలే మండే మిశ్రమం. ఇంకా వేడెక్కితే ఆవిరి 8 శాతం దాటి, లోపల మండలేనంత చిక్కబడుతుంది. హమ్మయ్య అనుకోకండి. మే నెల ఎండలో నిలబెట్టిన డ్రమ్ము మూత తిప్పగానే ఆ చిక్కటి ఆవిరి బుస్సుమని బయటికొచ్చి, గాలితో కలిసి, సరిగ్గా మీ మొహం దగ్గరే మండే పరిధిలోకి వస్తుంది. కాబట్టి డ్రమ్ములు నీడన, గాలి ఆడే చోట ఉండాలి. ఎండలో ఉన్నదాన్ని నీడకి చేర్చి, చల్లారాక, కళ్లద్దాలు, ఫేస్ షీల్డ్ పెట్టుకుని, మూతని కొద్దికొద్దిగా వదులు చేయాలి. లోపలి ఒత్తిడి పోయాకే పూర్తిగా తీయాలి.

రెండోది పొడిగాలి. గాలిలో తేమ తక్కువైన కొద్దీ స్టాటిక్ విద్యుత్తు పెరుగుతుంది. ఎండాకాలం పాలిస్టర్ చొక్కా తీసేటప్పుడు చిటపటమంటుంది కదా, అదే. ద్రవం గొట్టంలోంచి వేగంగా పారేటప్పుడు, పైనుంచి ధారగా పడేటప్పుడు కూడా అలాంటి చార్జ్ పుడుతుంది. అందుకే ఒక డ్రమ్ములోంచి ఇంకోదానిలోకి పంపే ముందు రెంటినీ తీగతో కలపాలి, దాన్ని భూమికి ఎర్తింగ్ చేయాలి. తీగ బిగించే చోట రంగు, తుప్పు ఉంటే గీకేయాలి. లేకపోతే క్లిప్పు పెట్టినా పెట్టనట్టే. ప్లాస్టిక్ బకెట్, మగ్గు, గరాటుతో ఈ ద్రవాన్ని ఒంపడం చూస్తే అక్కడే ఆపండి. పంపు, మూసిన పైపులైను, పాత్రలో నైట్రోజన్ వాయువు... ఇదీ పద్ధతి. మొబైల్, సిగరెట్ లైటర్ గేటు దగ్గరే వదిలేయాలని వేరే చెప్పక్కర్లేదు.

నీళ్లు పొదుపు చేయకూడని ఒకే ఒక్క చోటు

మనం కరవు సీమలో పుట్టాం. బిందె నీళ్ల కోసం ట్యాంకర్ వెనక పరుగెత్తిన ఇళ్లు మనవి. నీళ్లు వృథా చేయకూడదని చిన్నప్పటి నుంచి రక్తంలో ఉంది. సరిగ్గా ఆ అలవాటునే పక్కన పెట్టాల్సిన చోటు సేఫ్టీ షవర్.

అమైన్ క్షారం. ఆమ్లం కంటికి ఎంత చెడో క్షారం అంతకంటే చెడు. అది కంటి పొరల్లోంచి లోతుకి దిగుతూనే ఉంటుంది. దానికి మందు ఒక్కటే, నీళ్లు. వెంటనే, ధారాళంగా, కనీసం 15 నిమిషాలు. అమెరికా ప్రమాణాల ప్రకారం సేఫ్టీ షవర్ నిమిషానికి సుమారు 75 లీటర్లు ఇవ్వాలి. 15 నిమిషాలకు లెక్కేస్తే 1,100 లీటర్లకు పైనే. ఒక మనిషిని కాపాడటానికి వెయ్యి లీటర్ల ట్యాంకు కూడా చాలదన్నమాట. మన దేశంలోనూ ఈ షవర్లకు, ఐ వాష్‌లకు ఐఎస్ 10592 అనే ప్రమాణం ఉంది.

బోర్లు ఎండిపోయే మన ప్రాంతంలో చిన్న యూనిట్ అయితే ఈ విషయం మరీ ముఖ్యం. షవర్‌కి వచ్చే నీళ్లు వేరే ట్యాంకులో ఎప్పుడూ నిండుగా ఉన్నాయా? లేక ప్రాసెస్‌కి, తోటకి, బాత్రూములకీ అదే ట్యాంకా? ఇంకో సంగతి ఎవరూ పట్టించుకోరు. ఏప్రిల్, మే నెలల్లో మేడమీది ట్యాంకు నీళ్లు ఎలా కాలిపోతుంటాయో మనకి తెలుసు. అమెరికా ప్రమాణం ప్రకారం షవర్ నీళ్లు 16 నుంచి 38 డిగ్రీల మధ్య గోరువెచ్చగా ఉండాలి. సలసల కాగే నీళ్ల కింద 15 నిమిషాలు ఎవరు నిలబడతారు? ట్యాంకుకి నీడ, పైపులకు కప్పు ఉండాలి. వారానికోసారి షవర్ తిప్పి చూడాలి. తుప్పు నీళ్లు వస్తే ఆ షవర్ పనిచేస్తున్నట్టు కాదు.

ఒంటిమీద పడితే: తడిసిన బట్టలు షవర్ కిందే తీసేయండి. అక్కడ సిగ్గుపడితే చర్మం పోతుంది. కళ్లలో పడితే రెప్పలు వేళ్లతో తెరిచి పట్టుకుని కడగాలి, కాంటాక్ట్ లెన్సులుంటే కడుగుతూనే తీయాలి. క్షారం కదా అని నిమ్మరసం, వెనిగర్ పొయ్యకండి. ఆమ్లం, క్షారం కలిసేచోట వేడి పుట్టి గాయం పెద్దదవుతుంది. చేపల పులుసు కెమిస్ట్రీ పాత్రలో పనికొస్తుంది, ఒంటిమీద కాదు. నెయ్యి, టూత్‌పేస్ట్, పసుపు పూయడం అసలే వద్దు. ఆవిరి పీల్చిన వాళ్లను బయటి గాలిలోకి తీసుకెళ్లి, బాగానే ఉన్నాననే చెప్పినా ఆసుపత్రికి పంపాలి. ఊపిరితిత్తుల్లో నీరు చేరడం కొన్ని గంటల తర్వాత బయటపడొచ్చు. పొరపాటున మింగితే వాంతి చేయించకూడదు.

కళ్లముందు నీలి మంచు

ఈ రసాయనానికి ఒక వింత లక్షణం ఉంది. దీని ఆవిరి మధ్య కొన్ని గంటలు పనిచేసిన వాళ్లకు చూపు మసకబారుతుంది. లోకమంతా నీలి మంచు కమ్మినట్టు, దీపాల చుట్టూ రంగుల వలయాలు ఉన్నట్టు కనిపిస్తుంది. వైద్య భాషలో దీన్ని గ్లాకోప్సియా అంటారు. కంటిపొర ఉబ్బడం వల్ల వస్తుంది. అమైన్లు వాడే ఫోమ్ తయారీ యూనిట్లు, లోహపు అచ్చులు పోసే ఫౌండ్రీల్లో దీన్ని గమనించారు. మామూలుగా కొన్ని గంటల్లో తగ్గిపోతుంది.

తగ్గిపోతుంది కాబట్టే ఎవరూ చెప్పరు. కానీ ఆలోచించండి. సెకండ్ షిఫ్ట్ అయ్యాక రాత్రివేళ బైకు మీద ఇంటికొచ్చే కుర్రాడికి ఎదురుగా వచ్చే లారీ లైటు చుట్టూ వలయాలు కనిపిస్తే? ఆ యాక్సిడెంటు రోడ్డు ప్రమాదాల లెక్కలోకి పోతుంది, ఫ్యాక్టరీ లెక్కలోకి రాదు. కాబట్టి దీపాల చుట్టూ వలయాలు కనిపిస్తే ఆ రోజు బండి నడపకండి. సూపర్‌వైజర్‌కి చెప్పండి, రిజిస్టర్‌లో రాయించండి. అది మీ కళ్లు ఇస్తున్న గ్యాస్ లీక్ రిపోర్ట్.

'వాసన వస్తే తెలుస్తుందిలే' అనే ధీమా కూడా పనికిరాదు. కుళ్లిన చేపల వాసన మొదట్లో గట్టిగానే తెలుస్తుంది. కాసేపటికి ముక్కు అలవాటు పడుతుంది. అమెరికా కార్మిక భద్రతా సంస్థ ఓషా పెట్టిన పరిమితి ఎనిమిది గంటల సగటున గాలిలో పది లక్షల పాళ్లకు 25 పాళ్లు. ప్రాణాపాయం అని గుర్తించిన స్థాయి 200 పాళ్లు. ఇందాకటి ఒక్క లీటరు ఆవిరే 7,000 ఘనమీటర్ల గాలిని ఆ 25 పాళ్ల స్థాయికి చేర్చగలదు. పెద్ద ఫంక్షన్ హాలంత గాలి అది. కొలవాల్సింది మీటరు, ముక్కు కాదు.

మాస్కుల విషయంలోనూ తేడా తెలియాలి. గుడ్డ మాస్కు, ఎన్-95 దుమ్మునే ఆపుతాయి, ఆవిరిని ఆపవు. ఆవిరికి సరిపోయే కార్ట్రిడ్జ్ ఉన్న రెస్పిరేటరే కావాలి. ఆ కార్ట్రిడ్జ్‌కి గడువు కూడా ఉంటుంది. ఆసుపత్రి తరహా పలచని రబ్బరు గ్లవుజులు కూడా పనికిరావు.

పక్కపక్కన పెట్టకూడనివి

గోదాములో పనిచేసేవాళ్లకు ఈ పట్టిక నోటికి రావాలి. అమైన్ పక్కన ఆమ్లాలు, యాసిడ్ క్లోరైడ్లు ఉండకూడదు. కలిస్తే విపరీతమైన వేడి. పెరాక్సైడ్లు, నైట్రేట్ల లాంటి ఆక్సిడైజర్లు ఉండకూడదు. ఇత్తడి, రాగి, జింకు, అల్యూమినియం వాల్వులు, ఫిట్టింగులు వాడకూడదు, అమైన్ వాటిని తినేస్తుంది. హార్డ్‌వేర్ షాపులో దొరికే ఇత్తడి వాల్వు చవగ్గా వచ్చిందని బిగిస్తే అది లీకుకి మొదటి మెట్టు.

నైట్రైట్లను మరీ దూరం పెట్టాలి. అమైన్లు, నైట్రైట్లు కలిస్తే నైట్రోసమైన్లు పుట్టొచ్చు. వీటిలో చాలావాటికి క్యాన్సర్ కలిగించే గుణం ఉంది. 2018లో వాల్సార్టాన్ అనే బీపీ మాత్రలను ప్రపంచమంతా వెనక్కి తీసుకున్నది ఈ నైట్రోసమైన్ జాడల వల్లే. ఒక కెమిస్ట్ గోదాములో, రియాక్టర్ దగ్గర చూపే శ్రద్ధ ఎక్కడో ఖండాంతరంలో మాత్ర మింగే మనిషి దాకా వెళ్తుందని ఆ సంఘటన చెప్పింది.

ఒలికినప్పుడు చేసే పొరపాట్లు రెండు. ఒకటి, రంపపు పొట్టు చల్లడం. అది పొయ్యిలో కట్టె వేసినట్టే. రెండు, బ్లీచింగ్ పౌడర్ చల్లడం. మునిసిపాలిటీ వాళ్లు అన్నిటికీ అదే చల్లుతారు కాబట్టి మనకీ అదే తోస్తుంది. అమైన్ మీద బ్లీచింగ్ చల్లితే విషవాయువులు రావొచ్చు, మంటే రేగొచ్చు. పొడి ఇసుక, వర్మిక్యులైట్ లాంటి మండని వస్తువులు వాడాలి. అంతకంటే ముందు, మనుషుల్ని గాలివాటుకు ఎదురు దిశలోకి పంపాలి. మంట వస్తే నీళ్ల ధార కొట్టకూడదు. టీఈఏ నీళ్లకంటే తేలిక, సుమారు 19 డిగ్రీలు దాటిన నీళ్లతో పూర్తిగా కలవదు కూడా. మన ఎండలకు అది నీళ్లమీద తేలుతూ మంటను మోసుకుపోతుంది. డ్రై పౌడర్, కార్బన్ డయాక్సైడ్, ఆల్కహాల్‌ని తట్టుకునే రకం ఫోమ్ వాడాలి. నీళ్లను తుంపరలా చల్లి పక్క డ్రమ్ములను చల్లబరచాలి.

ఇక ఖాళీ డ్రమ్ము సంగతి

ఇది ఫ్యాక్టరీలో పనిచేయని వాళ్లకూ వర్తిస్తుంది. నీళ్లు రోజుమార్చి రోజు వచ్చే ఊళ్లలో ప్రతి ఇంటిముందూ ఒక డ్రమ్ము ఉంటుంది. సంతలో, గుజరీ షాపులో చవగ్గా దొరికేవి చాలావరకు కెమికల్ కంపెనీల నుంచి వచ్చినవే. ఇనుప డ్రమ్ములనైతే కోసి రేకులుగా, పొయ్యిలుగా, దాణా తొట్లుగా చేయిస్తారు.

200 లీటర్ల డ్రమ్ములో మండే మిశ్రమం తయారవడానికి ఎంత టీఈఏ మిగిలితే చాలో తెలుసా? సుమారు 14 మిల్లీలీటర్లు. మూడు టీస్పూన్లు కూడా కాదు. తలకిందులు చేసి ఒంపేసినా అడుగున, అంచు మడతల్లో అంతకంటే ఎక్కువే మిగులుతుంది. నిండు డ్రమ్ములో ద్రవం ఎక్కువ, ఆవిరికి చోటు తక్కువ. ఖాళీ డ్రమ్ములో రెండొందల లీటర్ల ఆవిరి, గాలి. దాని మీద గ్యాస్ కట్టర్ పెట్టినా, గ్రైండర్ ఆనించినా డ్రమ్ము బాంబే. వెల్డింగ్ షాపులో పనిచేసే మీ అన్నయ్యకో, మామకో ఈ పేరా చదివి వినిపించండి. 'నీళ్లు పోసి కడిగాం' అంటే చాలదు. కంపెనీలు కూడా ఖాళీ డ్రమ్ములను లైసెన్స్ ఉన్న శుద్ధి కేంద్రాలకే ఇవ్వాలి. గేటు బయట అమ్మేయకూడదు.

ప్లాస్టిక్ డ్రమ్ము పేలకపోయినా, పీల్చుకున్న రసాయనాన్ని నెమ్మదిగా నీళ్లలోకి వదులుతుంది. తాగేనీళ్లకు, వంటకు ఆహారపదార్థాల కోసమే తయారైన డ్రమ్ము తప్ప ఇంకోటి వాడొద్దు.

రోడ్డు మీద కూడా ఓ మాట. కొడికొండ నుంచి లేపాక్షి, హిందూపురం, మడకశిర మీదుగా శిరా వెళ్లే జాతీయ రహదారి రెండు పెద్ద హైవేలను కలుపుతుంది. ట్యాంకర్ బోల్తా పడితే బిందెలు పట్టుకుని పరుగెత్తకండి. వెనక ఉన్న బోర్డులో నాలుగంకెల నంబరు దూరం నుంచే చూసి 112కి గానీ, 101కి గానీ చెప్పండి. మోటార్ వాహనాల నిబంధనల ప్రకారం ఆ బోర్డు తప్పనిసరి. ఇలాంటి సరకు నడిపే డ్రైవర్‌కి ప్రత్యేక శిక్షణ కూడా తప్పనిసరే. హెవీ లైసెన్స్ ఉన్నవాళ్లకి ఇది మంచి అవకాశం.

ఇదే ఒక కెరీర్

భద్రత అంటే భయం మాత్రమే కాదు, ఉపాధి కూడా. ప్రమాదకర రసాయనాలు వాడే ఫ్యాక్టరీలకు సేఫ్టీ ఆఫీసర్లు కావాలి. సాధారణంగా రాష్ట్రాల నిబంధనలు కోరేది ఇంజినీరింగ్ డిగ్రీతో రెండేళ్లు, లేదా ఫిజిక్స్, కెమిస్ట్రీ డిగ్రీతో ఐదేళ్ల పని అనుభవం. దానికి తోడు గుర్తింపు పొందిన ఇండస్ట్రియల్ సేఫ్టీ డిప్లొమా. కేంద్ర ప్రభుత్వ పరిధిలోని ముంబయి సెంట్రల్ లేబర్ ఇన్‌స్టిట్యూట్, చెన్నై రీజినల్ లేబర్ ఇన్‌స్టిట్యూట్ లాంటివి ఈ డిప్లొమా ఇస్తాయి. 'మూడు నెలల్లో సేఫ్టీ ఆఫీసర్' అని పోస్టర్ వేసే చోట డబ్బు కట్టే ముందు ఆ సర్టిఫికెట్‌ని మీ రాష్ట్ర ఫ్యాక్టరీల శాఖ గుర్తిస్తుందా అని కనుక్కోండి.

ఆ నిబంధనల్లో ఇంకో అర్హత ఉంది. ఫ్యాక్టరీలో ఎక్కువమంది కార్మికులు మాట్లాడే భాష తెలిసుండాలి. మడకశిర వాళ్లకు ఇది వరం. ఇంట్లో తెలుగు, సంతలో కన్నడ మాట్లాడుతూ పెరిగిన వాళ్లం కదా. పక్క రాష్ట్రంలోని ఫ్యాక్టరీలో రెండు భాషల కార్మికులకూ జాగ్రత్తలు వాళ్ల మాటలో చెప్పగలిగే మనిషి విలువ తెలుసుకోండి. కొంచెం హిందీ కూడా వస్తే ఇంకా మంచిది.

మొదటి రోజు అడగాల్సిన ఏడు ప్రశ్నలు

అడగందే అమ్మైనా అన్నం పెట్టదంటారు. ఇవి అడిగితే ఉద్యోగం పోతుందేమోనని సందేహం వద్దు. ప్రమాదకర ప్రక్రియల్లో పనిచేసేవాళ్లకి సమాచారం, శిక్షణ పొందే హక్కు, ప్రాణాపాయం ఉందనిపిస్తే హెచ్చరించే హక్కు 1987 సవరణతో ఫ్యాక్టరీల చట్టంలోకి వచ్చాయి. దాని స్థానంలో 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత కోడ్‌లోనూ భద్రత సమాచారం అడిగే హక్కు, ప్రమాదాన్ని యజమాని, ఇన్‌స్పెక్టర్ల దృష్టికి తెచ్చే హక్కు ఉన్నాయి. ఉద్యోగులకు నియామక పత్రం ఇవ్వాలని కూడా ఆ కోడ్ చెబుతోంది. కాంట్రాక్టర్ కింద చేరినా సరే, కాగితం అడిగి తీసుకోండి.

1. నేను వాడే రసాయనాల సేఫ్టీ డేటా షీట్ ఎక్కడుంది? అందులో 16 భాగాలుంటాయి. టైం లేకపోతే ముందు నాలుగు చదవండి: 2 ప్రమాదాలు, 4 ప్రథమ చికిత్స, 7 వాడే పద్ధతి, 8 రక్షణ పరికరాలు.

2. దగ్గర్లోని సేఫ్టీ షవర్, ఐ వాష్ ఎక్కడ? కళ్లు మూసుకుని పది సెకన్లలో అక్కడికి చేరగలనా? నిజంగానే ఒకసారి నడిచి చూడండి.

3. నాకిచ్చే గ్లవుజులు, కార్ట్రిడ్జ్ ఈ రసాయనానికి సరిపోయేవేనా? చివరిసారి ఎప్పుడు మార్చారు?

4. గ్యాస్ డిటెక్టర్ నేలకి దగ్గరగా ఉందా, పైకప్పుకి ఉందా? బరువైన ఆవిరికి కిందే ఉండాలి.

5. వెల్డింగ్, గ్రైండింగ్ పనికి హాట్ వర్క్ పర్మిట్ ఎవరు ఇస్తారు? ఇచ్చే ముందు మీటరుతో కొలుస్తారా?

6. సైరన్ మోగితే ఎక్కడ గుమిగూడాలి? గాలి ఎటు వీస్తోందో చూపే గుడ్డ గొట్టం ఎక్కడ కనిపిస్తుంది?

7. ఖాళీ డ్రమ్ములు ఎక్కడికి పోతాయి?

ఏడో ప్రశ్నకి వచ్చే జవాబును బట్టి ఆ కంపెనీ భద్రతను ఎంత సీరియస్‌గా తీసుకుంటుందో తేలిపోతుంది. 'ఎవరో కొనుక్కుపోతారులే' అన్నారంటే మిగతా ఆరింటికి వచ్చిన జవాబులను ఇంకోసారి ఆలోచించండి.

చేతులు కాలాక ఆకులు పట్టుకుని లాభం లేదు. ఇవాళ సాయంత్రం మీ ఇంటిముందున్న నీళ్ల డ్రమ్మును ఒకసారి తిప్పి చూడండి. పాత లేబుల్ ముక్కో, మంట గుర్తో, క్యాస్ నంబరో కనిపిస్తే అందులో నీళ్లు తాగడం ఈ రోజుతో ఆపేయండి. కోయించడానికి వెల్డింగ్ షాపుకి మాత్రం పంపకండి.